సిలిండరు మీది అక్షరం

హాస్టల్లో గ్యాస్ బండి వచ్చిందంటే వంట మాస్టారు మమ్మల్నే కేకేసేవారు. 19 కిలోల సిలిండర్లను గేటు నుంచి వంటగది దాకా దొర్లించుకుపోయేవాళ్లం (అలా దొర్లించకూడదని అప్పుడు ఎవరికి తెలుసు!). ఖాళీ సిలిండరు పక్కన కూర్చుని వంకాయలు తరుగుతుంటే దాని మీద 'సి-17' అని కనిపించేది. అప్పటికి 2018 దీపావళి దాటింది. అర్థం మాత్రం పీజీకి వచ్చాకే తెలిసింది.

సిలిండరు పైభాగంలో నిలువుగా మూడు రేకులుంటాయి కదా, వాటిలో ఒకదాని లోపలివైపు ఈ గుర్తు ఉంటుంది. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. పక్కన సంవత్సరం. అంటే మేము ఏడాదికి పైగా గడువు దాటిన సిలిండరు మీద వండుకు తిన్నాం.

ఇది మందుసీసా మీది తేదీ లాంటిది కాదు. ఆ రోజుతో సిలిండరు చెడిపోదు. మళ్లీ పరీక్షకు వెళ్లవలసిన గడువది. కొత్తదానికి మొదటి పరీక్ష 10 ఏళ్లకు, తర్వాత ప్రతి 5 ఏళ్లకు.

పరీక్షలో గ్యాసంతా తీసేసి, వాల్వు విప్పి, నీళ్లు నింపి ఒత్తిడి పెడతారు. నీళ్లే ఎందుకు? నీరు నొక్కినా పెద్దగా కుదించుకోదు. రేకు చిట్లినా కాస్త నీరు కారి ఒత్తిడి పడిపోతుంది. అదే ఒత్తిడి గాలితో పెడితే చిట్లిన సిలిండరు బాంబే. బరువూ తూస్తారు. చెక్కి ఉన్న ఖాళీ బరువు కంటే 5 శాతానికి మించి తగ్గితే పనికిరాదు. తుప్పు తినేసిందన్నమాట. ఉప్పుగాలిలో ఇనుము సంగతి విశాఖవాళ్లకు చెప్పాలా! తప్పినదాన్ని మళ్లీ ఎవరూ వాడకుండా అణగగొట్టేస్తారు లేదా ముక్కలు కోస్తారు.

అమెరికాలో చాలా ఇళ్లలో ప్రొపేన్ ట్యాంకు సొంతం. గడువు దాటితే పరీక్ష చేయించాలా, కొత్తది కొనాలా అని వాళ్లే లెక్కలేసుకోవాలి. మనం కట్టేది డిపాజిట్టే, సిలిండరు కంపెనీది. పరీక్షా, కొత్తదా అన్నది వారి లెక్క. ప్రమాదం మాత్రం పొయ్యి దగ్గర నిలబడ్డవారిది. గ్యాస్ అంటే ఏమిటో ఈ ఊరికి 1997 సెప్టెంబరు 14న తెలిసింది. రిఫైనరీలో లీకై మంటలంటుకుని 50 మందికి పైగా పోయారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బండి కదలకముందే అక్షరం చదవండి. గడువు దాటినా, పెయింటు చెరిగి కనబడకపోయినా దించుకోవద్దు, మార్చి ఇమ్మని అడగండి.