చరిత్రలో ఈ రోజు

ఉద్యోగ విరమణ చేసినవారికి తెల్లవారగానే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఈ రోజును ఎట్లు గడపాలి? ఉదయపు నడక, కూరగాయల సంచి, మనుమల చదువు పొద్దును నింపుతాయి. అయినను, తన అవసరం తీరిపోయినదన్న వెలితి మనసులో మిగిలే ఉంటుంది.

ఇట్టివారిలో పలువురికి వార్తాపత్రికలోని ‘చరిత్రలో ఈ రోజు’ అనే చిన్న శీర్షిక మిక్కిలి ప్రీతిపాత్రం. ఆ నాలుగు పంక్తులే ఉద్యానవనంలో చర్చగా, సాయంకాలం మనుమలకు కథగా మారుతాయి.

ఉదాహరణకు సెప్టెంబరు 28వ తేదీ. 1908లో ఆనాడే మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తి వేలాదిమందిని బలిగొన్నది. వరద నివారణకు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువును స్వచ్ఛందంగా వదలుకొన్నది ఆ రోజులలోనే. ఆయన సూచనల ఫలితమే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు. అనంతరం 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా సేవలందించారు. కొలువు ముగిసినంత మాత్రాన కర్తవ్యం ముగియదనుటకు ఆయన జీవితమే నిదర్శనం.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పత్రికకు ఒక పంక్తి మాత్రమే. దానిని కళ్లారా చూసిన పెద్దలకు అది మరపురాని అనుభవం. అడిగేవారు లేకపోతే ఆ జ్ఞాపకం వారితోనే అంతరిస్తుంది. కావున విద్యార్థులు తమ ఇంటి పెద్దల చెంత కూర్చుండి, "ఆనాడు మీరెక్కడ ఉన్నారు?" అని అడగాలి. ఆ ప్రశ్న వారి వెలితిని తీరుస్తుంది. మనకు గ్రంథాలలో దొరకని చరిత్రను అందిస్తుంది.