ముందు ధర తేల్చుకుందాం, ఈఎంఐ మాట తర్వాత!

ఏం చెల్లీ, కారు కొందామని ఇంట్లో తీర్మానం అయిపోయిందటగా! ఎంత మంచి కబురు. మరి ఆ మొహంలో ఆ దిగులేంటి? నాకు తెలుసులే. ఏ కారు కొనాలన్న బెంగ కాదది. రంగు, మోడల్, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయి, అన్నీ వీడియోల్లో చూసి చూసి మనకి ఈపాటికి కంఠతా వచ్చేసుంటాయి. అసలు గుబులంతా షోరూమ్‌లో ఆ బల్లకి ఇటువైపు కూర్చున్నాక మొదలవుతుంది. ఎంత తగ్గించమనాలి? అడిగితే ఏమనుకుంటారో! అడక్కపోతే ఎంత పోగొట్టుకుంటామో! కూరల బండి దగ్గర కొసరు కరివేపాకు దాకా వదలని మనం, పది లక్షల వస్తువు దగ్గరికొచ్చేసరికి నోరెందుకు కట్టేసుకుంటామంటావ్?

మొహమాటం తల్లీ, మొహమాటం. 'డబ్బుల్లేక అడుగుతున్నారనుకుంటారేమో' అని ఒకటి. 'బాబాయిగారికి తెలిసినవాళ్ళ షోరూమ్, ఇంకేం అడుగుతాం' అని ఇంకొకటి. ముందు ఈ రెండూ పక్కన పెట్టేద్దాం. ఎదురుగా కూర్చున్న అబ్బాయికి బేరం రోజువారీ పని. కంపెనీ నెలనెలా ఏ మోడల్ మీద ఎంత తగ్గించొచ్చో డీలర్‌కి చెబుతుంది. ఆ పైన డీలర్ తన లాభంలోంచి ఇంకొంత వదులుకోగలడు. అడిగినవాళ్ళకి దక్కేది అడగనివాళ్ళకి దక్కదు, అంతే. గొంతు పెంచక్కర్లేదు, మొహం ముడుచుకోనక్కర్లేదు. నవ్వుతూనే అడుగుదాం. తెలిసినవాళ్ళ షోరూమ్ అయితే మరీ మంచిది, 'మనవాళ్ళే కదా, లెక్కంతా కాగితం మీద రాసివ్వండి' అందాం. మనవాళ్ళే అయితే రాసివ్వడానికి ఇబ్బందేముంటుంది?

ఇంకో చిన్న బాధ ఉంటుంది, చెప్పుకోం గానీ. కారు మన జీతంతో కొంటున్నా, షోరూమ్‌లో మాటలన్నీ మనతో వచ్చిన ఆయనతోనో అన్నయ్యతోనో నడుస్తుంటాయి. మనం పక్కన కూర్చుని రంగు చెప్పాలంతే. మనసు చివుక్కుమంటుంది కదూ? అలాంటప్పుడు చిన్నబుచ్చుకోకు. 'కొటేషన్ నా పేరు మీద ఇవ్వండి, లోన్ నేనే తీసుకుంటున్నాను' అని ఒక్క మాట అను. కుర్చీలన్నీ ఇటు తిరుగుతాయి.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కూర్చోగానే ఆ అబ్బాయి ఎంతో ఆప్యాయంగా అడుగుతాడు: 'మేడమ్, నెలకి ఎంతలో ఈఎంఐ అయితే మీకు సౌకర్యం?' మనమూ పాపం అంతే ఆప్యాయంగా 'పదమూడు వేల లోపు అయితే బాగుంటుందండీ' అనేస్తాం. ఇక బేరం అక్కడితో సరి. ఎందుకంటే ఈఎంఐ ఎంతకి కావాలంటే అంతకి తగ్గించొచ్చు, కారు ధర ఒక్క రూపాయి తగ్గకుండానే!

ఎలాగో చూడు. 8 లక్షల లోన్, 9 శాతం వడ్డీ అనుకుందాం. 5 ఏళ్ళకి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 16,600. మొత్తం వడ్డీ 1,96,000 చిల్లర. అదే 7 ఏళ్ళకి సాగదీస్తే ఈఎంఐ 12,900 లోపే. వినడానికి ఎంత హాయిగా ఉందో! కానీ వడ్డీ 2,81,000 అవుతుంది. నెలకి మూడున్నర వేల పైచిలుకు మిగిలిందని మనం సంబరపడుతుంటే, చివరికి 85 వేలు ఎక్కువ కట్టి ఊరుకుంటాం. అందుకే ఆ ప్రశ్నకి మన జవాబు ఒకటే ఉండాలి: 'ఈఎంఐ సంగతి తర్వాత చూద్దామండీ, ముందు కారు ధర చెప్పండి.' ఇది బట్టీ పట్టు చెల్లీ. కారు ధర ఒక బేరం, పాత బండి ఒక బేరం, ఇన్సూరెన్స్ ఒక బేరం, లోన్ ఒక బేరం. నాలుగూ కలిపేస్తే ఎక్కడ తగ్గించారో, ఎక్కడ కలిపారో మనకే కాదు, లెక్కల టీచర్‌కి కూడా అంతు పట్టదు. ఒక్కొక్కటే తేల్చుకుని ముందుకెళదాం.

మొదటిది ధర. 'ఆన్ రోడ్ ఇంత' అని ఒకే అంకె చెబితే తల ఊపకు. కాగితం తీసుకుని వరసగా చదువు. ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ ఉంటాయి. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానివి, అక్కడ బేరం లేదు. కారు విలువ 10 లక్షలు దాటితే టీసీఎస్ అని 1 శాతం వేస్తారు. గాభరా పడకు, అది మన పాన్ మీదే జమ అవుతుంది. రిటర్న్ వేసేటప్పుడు చూపించుకుంటే పన్నులో సర్దుకుంటుంది, ఎక్కువైతే వెనక్కొస్తుంది. ఆ రసీదు మాత్రం జాగ్రత్తగా దాచు.

మన పెన్ను ఆగాల్సింది ఆ కింది వరసల్లో. 'హ్యాండ్లింగ్ చార్జీలు' అనో 'లాజిస్టిక్స్' అనో కొన్ని వేలు కనిపిస్తే, 'ఇది దేనికండీ?' అని అడుగు. కారు షోరూమ్ దాకా వచ్చిన ఖర్చు ఎక్స్ షోరూమ్ ధరలోనే ఉంటుంది కదా! తీసేయమను. ఆ తర్వాత 'బేసిక్ కిట్', మ్యాట్లు, బాడీ కవర్, టెఫ్లాన్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్. ఏది కావాలో అది మనం ఎంచుకుందాం, వాళ్ళు ముందే టిక్కు పెట్టేసి ఇస్తే కాదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం ఆలోచించదగ్గదే. కారు చాలా ఏళ్ళు వాడుకుందామనుకుంటే మనశ్శాంతి.

'జీఎస్టీ తగ్గింది కదా మేడమ్, ఇంకా డిస్కౌంట్ ఏం ఉంటుంది?' అనీ అనొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగిన మాట నిజమే. పొడవు 4 మీటర్లు దాటకుండా, ఇంజిన్ పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించనివి ఈ లెక్కలోకి వస్తాయి. కానీ అది ప్రభుత్వం తగ్గించింది, ఊళ్ళో అందరికీ వచ్చేదే. షోరూమ్ ఇచ్చే తగ్గింపు వేరు. 'అది సరేనండీ, మీరెంత తగ్గిస్తున్నారు?' అని అడగడం మన హక్కు. కరెంటు కారు మీద మనసుంటే ఇంకో మాట. తెలంగాణలో రిజిస్టర్ చేయించే ఎలక్ట్రిక్ వాహనాలకి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్స్ మినహాయింపు ప్రకటించారు. అలాంటప్పుడు కొటేషన్‌లో లైఫ్ ట్యాక్స్ వరస ఖాళీగా ఉందో లేదో చూసుకో.

ఎప్పుడు వెళ్ళాలంటావా? నెలాఖరులో వెళ్ళు. టార్గెట్ పూర్తి చేసుకునే తొందరలో వాళ్ళే నాలుగు మెట్లు దిగుతారు. మన దగ్గర ఆషాఢంలో కొత్త బండి ఇంటికి తెచ్చుకోరు కాబట్టి షోరూములు కాస్త ఖాళీగా ఉంటాయి. బేరం ఆషాఢంలో తేల్చుకుని, బండి శ్రావణంలో తెచ్చుకుంటే సెంటిమెంటూ నిలుస్తుంది, డబ్బూ నిలుస్తుంది. డిసెంబర్‌లోనూ తగ్గింపులు బాగుంటాయి. అయితే జనవరి రాగానే అది నిరుటి కారు అయిపోతుంది, అమ్మేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఎక్కువ కాలం ఉంచుకునేవాళ్ళకే ఆ బేరం. అన్నట్టు, పంతులుగారు ముహూర్తం పెట్టారనుకో, ఆ తేదీ షోరూమ్‌లో బయటపెట్టకు! 'గురువారం పొద్దున పదింటికి మాకు కారు కావాలి' అన్నామంటే, ఇక వాళ్ళు తగ్గాల్సిన పనేముంది? ముందు ధర కాగితం మీదకి రానీ, ముహూర్తం మాట తర్వాత.

ఒక్క షోరూమ్‌తో ఆగకు. అదే కంపెనీకి హైదరాబాద్‌లో ఎందరో డీలర్లు. విజయవాడలో ఉంటే గుంటూరు డీలర్‌ని కూడా ఫోన్‌లో అడుగు. రెండో కొటేషన్ చేతిలో ఉంటే మనం మాట్లాడక్కర్లేదు, ఆ కాగితమే మాట్లాడుతుంది. కారుకి బాగా గిరాకీ ఉండి, నెలల తరబడి ఆగాల్సిన మోడల్ అయితే ధర పెద్దగా తగ్గకపోవచ్చు. అప్పుడు మ్యాట్లో, వారంటీయో వేసిమ్మందాం. ఏదీ ఇవ్వకపోతే మనం ఓడిపోయినట్టేం కాదు.

పాత కారు ఉందా? దాని ధర కొత్తకారు బేరం అయ్యేదాకా ఎత్తకు. బయట ఇద్దరు ముగ్గురికి చూపించి అసలు ఎంత పలుకుతుందో తెలుసుకుని వెళ్ళు. ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఇస్తామని, బండికి కట్టే ధరలో అంతా కోసేస్తే మనకి మిగిలేదేంటి? బోనస్ విడిగా, బండి ధర విడిగా రాయించు.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది అలసిపోయి 'సరే వేసేయండి' అంటారు. ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టు బంగారం. కొత్త కారుకి థర్డ్ పార్టీ బీమా 3 ఏళ్ళకి ఒకేసారి కట్టాలి, అది తప్పదు. మన కారుకి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదికి చాలు. షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూల్ ఎక్కడా లేదు. బయట నుంచి కూడా ఒక కొటేషన్ తెప్పించు. పోల్చేటప్పుడు రెండింట్లోనూ ఐడీవీ, అంటే కారుకి బీమా కంపెనీ కట్టే విలువ, ఒక్కటేనా, జీరో డిప్ (విడిభాగాల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చేది) లాంటి యాడ్ ఆన్లు అవేనా చూడు, లేకపోతే చవకగా కనిపించేది నిజంగా చవక కాకపోవచ్చు. పాత కారు మీద క్లెయిమ్ లేకుండా నడిపావా? ఆ నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, నీది! 50 శాతం దాకా పెరిగి ఉండొచ్చు. పాత బీమా కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గుతుంది. దాన్ని వదిలేసుకుని వస్తే నేను ఊరుకోను.

ఇక లోన్. దీని పని షోరూమ్ గడప తొక్కకముందే మొదలుపెట్టాలి. ముందు నీ క్రెడిట్ రిపోర్ట్ చూసుకో. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాల్సిందే. ఎప్పుడో మూసేసిన కార్డు ఇంకా బాకీ ఉన్నట్టు కనిపిస్తే ఇప్పుడే సరిచేయించు. తర్వాత జీతం పడే బ్యాంకులోనూ, మరో బ్యాంకులోనూ అడిగి, ఎంత లోన్ ఇస్తారో, వడ్డీ ఎంతో రాయించుకో. అది చేతిలో పెట్టుకుని షోరూమ్ వాళ్ళు తెచ్చిన లోన్‌తో పోల్చు. వాళ్ళదే తక్కువైతే హాయిగా తీసుకో, తప్పేం లేదు.

'7 శాతమే మేడమ్' అంటే మాత్రం వెంటనే 'ఫ్లాట్ వడ్డీయా, తగ్గే బాకీ మీద వడ్డీయా?' అని అడుగు. ఫ్లాట్ అంటే బాకీ తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ. 8 లక్షలకి 7 శాతం ఫ్లాట్ అంటే, 5 ఏళ్ళకి 2,80,000 వడ్డీ, ఈఎంఐ 18,000. తగ్గే బాకీ లెక్కన అది దాదాపు 12.5 శాతం! తొమ్మిది శాతమే ఎంతో నయం కదా? ఈ తికమకలకి ఒక మంచి మందుంది. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకి 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఫీజులతో సహా ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతోందో అందులో ఏపీఆర్ అని ఉంటుంది. రెండు లోన్లని ఆ అంకెతోనే పోల్చు. లోన్ మొత్తంలో ఏదైనా బీమా పాలసీ కలిపేశారేమో చూడు, వద్దనుకుంటే తీసేయమను. ముందే తీర్చేస్తే ఎంత చార్జీ వేస్తారో కూడా అడుగు. రేపు బోనస్ వచ్చి బాకీ తీర్చేద్దామనుకుంటే అదే మనకి ముఖ్యం.

డబ్బు కట్టేటప్పుడు డీలర్ కంపెనీ ఖాతాకే కట్టు. అబ్బాయి ఎంత మంచివాడైనా సరే, అతని సొంత ఫోన్ నంబర్‌కి ఒక్క రూపాయి పంపొద్దు. మోడల్, వేరియంట్, రంగు, తగ్గింపు, రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారు, అన్నీ బుకింగ్ కాగితంలో ఉండాలి. డెలివరీ రోజు ధరే వర్తిస్తుందని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ధర పెరిగితే ఎవరు భరిస్తారో ముందే మాట్లాడుకో. పూర్తి డబ్బు కట్టే ముందు పగటి వెలుగులో కారు చూసి, తయారైన నెల, ఏడాది సరిచూసుకో. పెద్దమ్మ గుడిలో పూజా, చక్రాల కింద నిమ్మకాయలూ ఆ తర్వాత.

ఇన్ని చెప్పాక కూడా 'ఏదో ఒకటి మర్చిపోతానక్కా' అంటావు కదూ? మర్చిపోతే పోనీ. ఒకచోట అయిదు వేలు ఎక్కువిచ్చినా కొంపలేం మునగవు, ఆ దిగులుతో కొత్త కారు సంతోషం పాడు చేసుకోకు. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకో. ఈఎంఐ ఒక్కటే చూడకుండా పెట్రోలు, సర్వీసింగ్, ఏటా బీమా కూడా కలిపి, పిల్లల ఫీజులు, చీటీలు పోను ఎంత మిగులుతుందో ఇంట్లో కూర్చుని రాసుకో. ఆ అంకె దాటే కారు ఎంత ముద్దొచ్చినా వద్దు. ఒక మెట్టు కింది వేరియంట్ తీసుకుని ప్రతి నెలా నిశ్చింతగా పడుకుందాం. సరే మరి, ఈ శనివారం బ్యాంకుకి వెళ్ళు, వచ్చే వారం రెండు షోరూములు తిరుగు. కొటేషన్లు చేతికొచ్చాక, సంతకం పెట్టే ముందు ఒక రాత్రి ఆగు. తెల్లారాక కూడా లెక్క బాగున్నట్టే ఉంటే, ధైర్యంగా వెళ్ళి తాళాలు తెచ్చుకో!