తలసరి ఆదాయం – రబ్బరు టేపుతో కొలత



2023 మార్చి మొదటి వారంలో పత్రికలు ఒక అంకెను ప్రముఖంగా ప్రచురించాయి. 2022–23లో మన దేశపు తలసరి ఆదాయం 1,72,000 రూపాయలట. 2014–15లో అది 86,647 రూపాయలు. అంటే ఎనిమిదేళ్లలో దాదాపు రెట్టింపయింది. ఆ వార్తను నేను తరగతిలో చదివి వినిపించాను. మాది ధర్మవరం ప్రాంతం. నా విద్యార్థుల్లో చాలామంది మగ్గం ఉన్న ఇళ్ల పిల్లలే.

వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, మా ఇంట్లో అయిదుగురం. ఈ లెక్కన ఏడాదికి మాకు 8,60,000 రూపాయలు రావాలి. మా మగ్గం మీద అందులో నాలుగో వంతు కూడా రాదు. మిగతాది ఎవరు తీసుకున్నారు సార్?" అని అడిగింది.

తరగతి గొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. జవాబు కోసం అలాగే నిలబడి ఉంది. అంతలో గంట కొట్టారు. "రేపు చెబుతాను కూర్చోమ్మా" అన్నాను. నిజానికి ఆ క్షణంలో నా దగ్గర సరైన జవాబు లేదు.

నేను సైన్సు మాస్టారిని. ఏ కొలతనైనా నమ్మేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మీకు ప్రయోగశాలలో చెబుతుంటాను. దేనిని కొలిచారు? ఏ కొలబద్దతో కొలిచారు? వచ్చిన అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు? తలసరి ఆదాయాన్ని కూడా ఈ మూడు ప్రశ్నలతోనే పరీక్షిద్దాం. ఇందుకు మా రైలు మార్గంలోని మూడు ఊళ్లు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మనకు సహాయపడతాయి.

దేనిని కొలుస్తారు?

ఒక సంవత్సరంలో దేశంలో తయారైన వస్తువులు, అందిన సేవలు అన్నిటి విలువనూ కూడాలి. వినడానికి సులువే. కాని కూడేటప్పుడు ఒకే విలువను రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉంది. ఒక ధర్మవరం పట్టుచీర కథ చూడండి. లెక్క సులువుగా ఉండటానికి అంకెలను ఊహించి రాస్తున్నాను.

మల్బరీ రైతు పట్టుగూళ్లను హిందూపురం మార్కెట్టులో 1,500 రూపాయలకు అమ్మాడు. గూళ్ల నుంచి దారం తీసేవారు ఆ దారాన్ని 2,200కు అమ్మారు. దానికి పురిపెట్టి రంగు అద్దినవారు 2,800కు అమ్మారు. నేతపని చేయించేవారు ఈ దారాన్నీ, మరో 1,200 రూపాయల జరీనీ కొన్నారు. మగ్గం మీద చీర తయారయింది. దానిని 6,000కు దుకాణానికి ఇచ్చారు. దుకాణదారు 7,500కు అమ్మాడు.

ఈ అమ్మకాలన్నిటినీ కూడితే 21,200 రూపాయలు వస్తుంది. కాని చివరికి మనకు మిగిలింది 7,500 రూపాయల చీర ఒక్కటే! పట్టుగూళ్ల విలువ దారంలోనూ, దారం విలువ చీరలోనూ మళ్లీ మళ్లీ చేరడమే ఈ తప్పుకు కారణం.

అందుచేత ప్రతి దశలోనూ కొత్తగా జోడించిన విలువను మాత్రమే తీసుకోవాలి. రైతు 1,500, దారం తీసినవారు 700, పురిపెట్టి అద్దకం చేసినవారు 600, జరీ తయారుచేసినవారు 1,200, నేతలో 2,000, దుకాణంలో 1,500. ఇప్పుడు కూడండి. సరిగ్గా 7,500! జాతీయాదాయ గణనకు ఇదే పునాది.

పెనుకొండలో కారు, కొరియాలో లాభం

ఇక పెనుకొండకు వద్దాం. ఆ మండలంలోని ఎర్రమంచి దగ్గర కొరియా దేశపు కియా సంస్థ కార్ల కర్మాగారం నిర్మించింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2019లో కార్ల ఉత్పత్తి మొదలయింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో దీనిని కట్టారు.

ఇక్కడ జోడించిన విలువ అంతా మన నేలమీద జరిగిన ఉత్పత్తి. కనుక అది మన దేశీయోత్పత్తిలో చేరుతుంది. అయితే లాభంలో కొరియా యజమానులకు చెందే భాగం మన ఆదాయం కాదు గదా! జాతీయాదాయం లెక్కించేటప్పుడు దానిని తీసివేస్తారు. అదే విధంగా విదేశాల్లోని మన పెట్టుబడుల మీద మనకు వచ్చే రాబడిని కలుపుతారు. దేశీయోత్పత్తి నేలను అనుసరిస్తుంది, జాతీయాదాయం మనుషులను అనుసరిస్తుంది అని గుర్తుపెట్టుకోండి.

ఇంకొక మెట్టు ఉంది. కార్లు తయారుచేస్తూ యంత్రాలు అరిగిపోతాయి. మగ్గం కూడా అంతే. ఈ అరుగుదల విలువను తరుగుదల అంటారు. దానిని తీసివేస్తే మిగిలేది నికర జాతీయాదాయం. దీనిని దేశ జనాభాతో భాగిస్తే తలసరి ఆదాయం వస్తుంది. 2022–23కు భాగహారంగా తీసుకున్న జనాభా సుమారు 138 కోట్లు. 2011 తరువాత జనగణన జరగనందున అది కూడా లెక్కించిన సంఖ్య కాదు, అంచనా.

రబ్బరు టేపు

ఇప్పుడు అసలు చిక్కు. ఆదాయాన్ని మనం రూపాయలతో కొలుస్తున్నాం. మీటరు పొడవు పారిస్‌లోనైనా, పెనుకొండలోనైనా, నిరుడైనా, నేడైనా ఒకటే. రూపాయి అలా కాదు. ధరలు పెరిగితే రూపాయికి వచ్చే సరుకు తగ్గుతుంది. సాగదీసిన రబ్బరు టేపును వదిలితే గీతలు దగ్గరవుతాయి. అప్పుడు అదే బల్లను కొలిస్తే పెద్ద అంకె వస్తుంది. బల్ల పెరిగిందా? లేదు!

ఒక చిన్న పల్లెను ఊహించుకోండి. అక్కడ పండేది వేరుశనగ ఒక్కటే. జనాభా 50. మొదటి సంవత్సరం 100 బస్తాలు పండాయి. బస్తా ధర 3,000. మొత్తం ఆదాయం 3,00,000, తలసరి 6,000 రూపాయలు. కొన్నేళ్లకు జనాభా 55 అయింది. పంట 110 బస్తాలకు పెరిగింది. బస్తా ధర 6,000 అయింది. ఇప్పుడు ఆదాయం 6,60,000, తలసరి 12,000 రూపాయలు. రెట్టింపు!

కాని ఒక్కసారి గింజలు లెక్కపెట్టండి. అప్పుడు మనిషికి రెండు బస్తాలు. ఇప్పుడూ రెండు బస్తాలే.

ఈ మోసం నుంచి తప్పించుకోవడానికి ఒక సంవత్సరాన్ని ఆధార సంవత్సరంగా ఎన్నుకుంటారు. అన్ని సంవత్సరాల ఉత్పత్తినీ ఆ సంవత్సరపు ధరలతోనే విలువ కడతారు. మన పల్లెలో 110 బస్తాలను పాత ధర 3,000తో గుణిస్తే 3,30,000 వస్తుంది. దానిని 55తో భాగిస్తే మళ్లీ 6,000! ఇలా వచ్చేదానిని స్థిర ధరలలో ఆదాయం అంటారు. ఆ ఏటి ధరలతోనే కట్టినది ప్రస్తుత ధరలలో ఆదాయం.

ఇప్పుడు పత్రికలోని వార్తకు తిరిగి వద్దాం. రెట్టింపయినవి ప్రస్తుత ధరల అంకెలు. 2011–12 ధరలలో చూస్తే 2014–15లో తలసరి ఆదాయం 72,805 రూపాయలు. 2022–23లో 98,118 రూపాయలు. పెరుగుదల సుమారు 35 శాతం. మిగిలినది టేపు కుదించుకుపోవడం వల్ల కనిపించిన పెరుగుదల. ధరల మట్టం ఎంత పెరిగిందో కూడా ఈ నాలుగు అంకెల నుంచే రాబట్టవచ్చు. 1,72,000ను 98,118తో భాగిస్తే 1.753. 86,647ను 72,805తో భాగిస్తే 1.190. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే 1.473. అంటే ధరలు 47 శాతం పెరిగాయన్నమాట. 35 శాతం కూడా చిన్న సంగతి కాదు. ఏడాదికి దాదాపు 3.8 శాతం చొప్పున అది నిజమైన పెరుగుదల. అయితే అది రెట్టింపు కాదు.

ఇవి 2023 ఫిబ్రవరి చివరలో ప్రకటించిన అంచనాలు. పూర్తి సమాచారం వచ్చేకొద్దీ ఇటువంటి అంచనాలను సవరిస్తూ ఉంటారు. ఆధార సంవత్సరాన్ని కూడా అప్పుడప్పుడు మారుస్తారు. 1948–49, 1960–61, 1970–71, 1980–81, ఇలా మారుతూ వచ్చింది. 1960–61 ధరల పట్టికలో సెల్‌ఫోను ఉండదు గదా!

నౌరోజీ వేసిన తొలి లెక్క

మన దేశంలో ఈ లెక్కను మొదట వేసినవాడు దాదాభాయి నౌరోజీ. 1867–68 సంవత్సరానికి బ్రిటిష్ ఇండియాలో తలసరి ఆదాయం 20 రూపాయలని ఆయన తేల్చాడు. అంతటితో ఆగలేదు. జైలులో ఖైదీకి పెట్టే తిండికి, బట్టకు అయ్యే ఖర్చుతో దానిని పోల్చాడు. నేరం చేయని రైతుకు ఆ పాటి తిండి, బట్ట కూడా లభించే ఉత్పత్తి దేశంలో లేదని ఎత్తిచూపాడు. ఇందులోని కిటుకు గమనించారా? రూపాయలను రూపాయలుగా వదలక, వాటికి ఏం వస్తుందో అడిగాడు.

1901లో వైస్రాయి కర్జన్ తలసరి ఆదాయం 30 రూపాయలన్నాడు. అదే కాలంలో విలియం డిగ్బీ అనే ఆంగ్లేయుడు అది 20 కంటే కూడా తక్కువేనని వాదించాడు. ఒకే దేశం, ఒకే కాలం, రెండు అంకెలు! పాలన బాగుందా లేదా అన్న వాదమంతా ఆ అంకె మీద నడిచింది. కొలత రాజకీయమైపోయింది.

తరువాత వి.కె.ఆర్.వి. రావు మరింత శాస్త్రీయంగా లెక్కించి, 1931–32కు 62 రూపాయలని చెప్పాడు. 1925–29 కాలానికి ఆయన వేసిన అంచనా ఇంతకంటే ఎక్కువ. మరి జనం అంతగా చితికిపోయారా? ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం వచ్చి, పంటల ధరలు కూలిపోయిన సంవత్సరాలవి. అంటే రబ్బరు టేపు అప్పుడు సాగింది. అందుకని అంకెలోని తగ్గుదల అంతా పంటలోని తగ్గుదల కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో భారత ప్రభుత్వం జాతీయాదాయ సంఘాన్ని నియమించింది. పి.సి. మహలనోబిస్ అధ్యక్షుడు. డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులు. 1948–49కు తలసరి ఆదాయం సుమారు 247 రూపాయలని ఆ సంఘం తేల్చింది. 62 నుంచి 247, నాలుగు రెట్లు! కాని మధ్యలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ధరలు మూడు రెట్లకు పైగా పెరిగాయి. పైగా 62 బ్రిటిష్ ఇండియాది, 247 విభజన తరువాతి భారతదేశానిది. కొలిచిన వస్తువే మారిపోయింది.

ఇటువంటిది మా ఇంటి దగ్గరా జరిగింది. ఈ మూడు ఊళ్లూ మొదట అనంతపురం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, అందులో చేరాయి. కనుక అనంతపురం జిల్లా పాత ఆదాయాన్ని కొత్త ఆదాయంతో నేరుగా పోల్చరాదు.

సగటు మనిషి ఎక్కడున్నాడు?

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు.

ఒక వీధిలో పది ఇళ్లున్నాయి. తొమ్మిది ఇళ్లకు ఏడాదికి 2 లక్షల చొప్పున వస్తుంది. పదో ఇంటికి 42 లక్షలు. సగటు 6 లక్షలు. ఆ వీధిలో 6 లక్షలు వచ్చే ఇల్లు ఒక్కటైనా ఉందా? ఆదాయాల వరుసలో సరిగ్గా నడుమ నిలిచే అంకెను మధ్యగతం అంటారని గణితంలో చదువుకున్నారు. ఇక్కడ అది 2 లక్షలు. తలసరి ఆదాయం సగటే గాని మధ్యగతం కాదు. పెనుకొండ దగ్గర ఒక పెద్ద కర్మాగారం వస్తే జిల్లా సగటు పెరుగుతుంది. ధర్మవరంలో మగ్గం కూలి దానంతట అది పెరగదు.

ఇంకొక సంగతి. తలసరి ఆదాయమంతా ఇళ్లకు చేరే డబ్బు కాదు. కంపెనీలు పంచకుండా ఉంచుకున్న లాభాలు, ప్రభుత్వానికి చేరే పన్నులు కూడా అందులో ఉన్నాయి.

లెక్కకు రానివీ ఉన్నాయి. అమ్మ కండెలు చుట్టిన శ్రమ చీర విలువలో చేరుతుంది. అదే అమ్మ వంట చేసి, నీళ్లు మోసిన శ్రమ చేరదు. బోరునీటితో పండిన పంట ఆదాయంలో చేరుతుంది. యంత్రాల అరుగుదలను తీసివేసినట్టు, పాతాళానికి దిగిపోతున్న నీటిమట్టాన్ని మాత్రం తీసివేయరు. 1934లో అమెరికా జాతీయాదాయాన్ని లెక్కించిన సైమన్ కుజ్నెట్స్, ఈ అంకెను చూసి ఒక దేశ ప్రజల సుఖాన్ని అంచనా కట్టలేమని అప్పుడే హెచ్చరించాడు. మన జాతీయాదాయ సంఘానికి సలహా ఇచ్చినవారిలో ఆయన కూడా ఒకడు.

అయితే ఈ లెక్క పనికిరానిదా? ఎంతమాత్రం కాదు. థర్మామీటరు జ్వరం ఎంతో చెబుతుంది, జబ్బు పేరు చెప్పదు. అందుకని దానిని విరగ్గొడతామా?

చేసి చూడండి

మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, పదేళ్ల కిందటి రోజుకూలి, ఇప్పటి రోజుకూలి రాసుకోండి. అప్పటి, ఇప్పటి కిలో బియ్యం ధరలను దుకాణంలో కనుక్కోండి. ఒక రోజు కూలికి అప్పుడు ఎన్ని కిలోలు వచ్చేవి? ఇప్పుడు ఎన్ని వస్తున్నాయి? నూనె, గ్యాసు, బస్సు చార్జీలతో కూడా ఇలాగే చేయండి. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క జవాబు రావచ్చు. ఎందుకో ఆలోచించండి.

మా తరగతిలో ఈ పని చేయించాను. వారం తరువాత ఆ అమ్మాయి తన తండ్రి చీర కూలి రాసుకున్న పాత నోటు పుస్తకం తెచ్చింది. కూలి అంకె పెరిగింది. బియ్యంలోకి మార్చి చూస్తే దాదాపు అంతే ఉంది.

"లెక్క తప్పు కాదు సార్. మా ఇంటి లెక్క వేరుగా వేసుకోవాలి" అంది.

నేను ఆమె పుస్తకం మీద సంతకం చేసి, ఆ పట్టికను నల్లబల్ల మీద రాయమని సుద్దముక్క చేతికిచ్చాను.