టర్బోచార్జర్: హైటెక్ సిటీ కారు నుంచి వరి కోత యంత్రం దాకా

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడి గాలి పీడనం తీరప్రాంతం కంటే దాదాపు 6 శాతం తక్కువ. ఉష్ణోగ్రత 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు చేరితే గాలి సాంద్రత మరో 5 శాతం తగ్గుతుంది. కిలో డీజిల్ పూర్తిగా మండటానికి సుమారు 14.5 కిలోల గాలి అవసరం. అందువల్ల మాదాపూర్‌లో తిరిగే కారుకైనా, యాసంగి వరి కోసే హార్వెస్టర్‌కైనా వేసవిలో గాలి కొరత తప్పదు. ఈ కొరతను తీర్చే సాధనమే టర్బోచార్జర్. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లోనే దీనికి పేటెంటు పొందారు.

నత్తగుల్లల ఆకారంలోని రెండు లోహపు గూళ్లు ఒకదానికొకటి జంటగా, ఇంజను పక్కన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు బిగించి ఉంటాయి. వేడి వాయువులు సైలెన్సర్‌కు వెళ్లే దారిలో మొదటి గూటిలోని టర్బైన్ చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసు రెండవ చివరనున్న కంప్రెసర్ చక్రం ఎయిర్ ఫిల్టర్ నుంచి గాలిని పీల్చి నొక్కుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. పీడనం రెట్టింపైతే ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటుతుంది. అందుకే సాధారణంగా వాహనం ముందు భాగంలో ఉండే ఇంటర్‌కూలర్‌లో చల్లబరచి సిలిండర్లకు పంపుతారు.

మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ కూడళ్ల రద్దీలో ఆగుతూ కదిలే కారులో వాయుప్రవాహం చాలక, యాక్సిలరేటర్ తొక్కిన కొంతసేపటికి గాని బలం అందదు. నిలకడైన భారంతో గంటల తరబడి పనిచేసే పొలం ఇంజనుకు ఈ ఇబ్బంది తక్కువ. నిజానికి టర్బో స్వభావానికి కారు కంటే ట్రాక్టరే అనువైనది.

అయితే పొలంలో దుమ్ము ఉంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఇరుసు పలుచని ఆయిల్ పొరపై తేలుతూ ఉంటుంది. పొట్టు, గడ్డి తుక్కుతో ఫిల్టర్ మూసుకుపోతే కంప్రెసర్ ముఖద్వారం వద్ద పీడనం పడిపోయి, సీలు గుండా ఆయిల్ లోపలికి లాగబడుతుంది. నీలి పొగ వస్తుంది. ఫిల్టర్ తర్వాతి గొట్టం క్లిప్పు వదులైతే వడగట్టని దుమ్ము చక్రపు రెక్కలను అరగదీస్తుంది. ఇంటర్‌కూలర్ గొట్టం చీలితే బలం తగ్గి నల్ల పొగ వస్తుంది. ఈ మూడింటిలో మొదటిదానికి, మూడవదానికి టర్బో మార్చడం సాధారణంగా వృథా ఖర్చు. కల్లంలో వడ్లు, నెత్తిన మబ్బు ఉన్న రైతుకు అది రోజుల ఆలస్యం కూడా. విస్తరణ శాస్త్రవేత్త ముందుగా ఫిల్టర్‌ను, గొట్టాలను విప్పించి చూడటం మేలు.

భారీగా పనిచేసిన ఇంజనును వెంటనే ఆపితే ఆయిల్ ప్రవాహం నిలిచి, టర్బైన్ వేడికి బేరింగులోని ఆయిల్ మాడి మసిగా పేరుకుంటుంది. కొన్ని కార్లలో ఇంజను ఆగాక కూడా నీటిపంపు తిరిగే ఏర్పాటు ఉంది. అది లేని కోత యంత్రాన్ని రెండు మూడు నిమిషాలు భారం లేకుండా నడిపి ఆపవలసి ఉంటుంది. గంటల లెక్కన కిరాయి వసూలు చేసే డ్రైవరుకు ఈ నిమిషాలు చేదుగానే ఉంటాయి.