రావు మన ఇంటిపేరు కాదమ్మలూ

ఖరగ్‌పూర్,
దసరా వెళ్ళిన నాలుగో రోజు.

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

విశాఖ నుంచి మీ పెద్దత్త ఫోన్ చేసి రెండు సంగతులు చెప్పింది. నీకు ఐదో నెలట. లైప్‌జిగ్‌లో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టబోతున్నావట. మొదటిది విన్న వెంటనే మీ మామ్మ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. రెండోది వింటే నేను నొచ్చుకుంటానని నాకు చెప్పలేదట నువ్వు. పిచ్చిపిల్లా, ఎందుకు నొచ్చుకుంటాను? 2024 జూన్ నుంచి ఐదేళ్ళకే పౌరసత్వం ఇస్తున్నారని పేపర్లో చదివాను. జర్మనీ వాళ్ళు రెండు పౌరసత్వాలూ ఉంచుకోమన్నా మన దేశం ఒప్పుకోదు కాబట్టి పాత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ కార్డు తెచ్చుకోవాలి. తెచ్చుకో. కూడు ఎక్కడుంటే అక్కడికి పోవడం మన ఇంట్లో నీతో మొదలు కాలేదు.

నా దిగులంతా బిడ్డ పేరు గురించి. తల్లి పేరూ తండ్రి పేరూ గీత పెట్టి కలిపి బిడ్డకు పెట్టుకోవచ్చని అక్కడ 2025 మేలో కొత్త చట్టం వచ్చిందటగా. బిడ్డ తండ్రి ఇంటిపేరు పక్కన నువ్వు 'రావు' చేరుస్తానన్నావట. రావు మన ఇంటిపేరు కాదమ్మా!

మా తాత ఊరొదిలి ఎందుకొచ్చాడో నీకు తెలిసిందే, మళ్ళీ చెప్పను. బెంగాల్ నాగపూర్ రైల్వే, అదే బీఎన్నార్, ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన కొత్త రోజులవి. వాల్తేరు, కటకం మీదుగా కలకత్తాకు లైను కలిసింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో పొలం లేనివాళ్ళు, ఉన్నా కరువుకు పోగొట్టుకున్నవాళ్ళు రైలెక్కి ఇక్కడ దిగారు. పేర్లు రాసుకునే గుమాస్తాలకు ఇంటిపేరు ముందుండే మన పద్ధతి తెలియదు. చివర ఏముంటే అదే వంశం పేరనుకున్నారు. అప్పారావులో, సూర్యారావులో రావును విరిచి పక్కన పెట్టారు, అసలు ఇంటిపేరును పొడి అక్షరం చేశారు. మీ నాన్న బళ్ళో చేరేసరికి ఆ పొడి అక్షరం కూడా ఊడిపోయింది. అలా నీ పాస్‌పోర్టులోకి వట్టి రావు వచ్చి కూర్చుంది.

నా చిన్నప్పుడు మథురాకాటిలో మా వరస క్వార్టర్లలో ఎటు చూసినా రావులే. పోస్టుమాన్ బెంగాలీ ఆయన, పాపం, వీధి మొదట్లో నిలబడి 'ఏ రావు?' అని అరిచేవాడు. బాయిలర్ రావు, ఫౌండ్రీ రావు, పెయింట్ షాపు రావు అని పనిని బట్టి గుర్తుపట్టేవాళ్ళం. ఊరి నుంచి వచ్చిన శుభలేఖ ఫౌండ్రీ రావు ఇంటికి పోయి, పెళ్ళి అయిపోయాక మాకు చేరిన రోజులున్నాయి.

మా అక్కకు సంబంధం చూడ్డానికి బొబ్బిలి వైపు నుంచి వచ్చినప్పుడు ఏమైందో విను. పెళ్ళికొడుకు తాత ఇంటిపేరడిగాడు. మా నాన్న అలవాటు కొద్దీ 'రావండీ' అన్నాడు. ముసలాయన మొహం చిన్నబోయింది. లోపల పకోడీలు వేయిస్తున్న మా అమ్మ జల్లిగరిటె చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వచ్చి, మన ఇంటిపేరు, ఊరు, గోత్రం గడగడా చెప్పింది. ఆయన నిటారుగా కూర్చుని, 'మా నాయనమ్మ పుట్టిల్లు మీ పక్క ఊరే కదమ్మా!' అన్నాడు. ఆ పూటే తాంబూలాలు మార్చుకున్నారు.

మా నాన్న వర్క్‌షాపు ఇత్తడి బిళ్ళ నువ్వు చూశావు, దాంతో ఆడుకున్నావు కూడా. పైన చిన్న కన్నం, మధ్యలో అంకె, చేతి చెమటకు అంచు నున్నగా అరిగింది. దాని మీద పేరు లేదు. క్వార్టర్ గోడ మీదా అంకే. రిటైరైన నాడు ఆ ఇల్లు ఖాళీ చేసి తాళం అప్పగించాలి. మలంచాలో నేను ఈ రెండు గదులు వేసేదాకా మనం ఉన్న ఇల్లు రైల్వేది. ఇంటిపేరొక్కటే మనది.

1927 రైల్వే సమ్మెలో మా తాత జీతం లేకుండా నెలల తరబడి పస్తులున్నాడు. ఆ రోజుల్లో బీఎన్నార్ కార్మికులకు అండగా నిలిచిన వి.వి.గిరి గారు మనవాడే, బరంపురంలో పుట్టినవాడు. రాష్ట్రపతి అయ్యాక కూడా దేశమంతా ఆయన్ని గిరి అనే పిలిచింది. ఆ మొదటి 'వి' వరాహగిరి అని, అది ఆయన ఇంటిపేరని ఇప్పుడు ఎంతమందికి తెలుసు? అంత పెద్దాయనకే అలా జరిగితే ఫిట్టర్ల ఇంటిపేర్లు ఎవరు గుర్తుంచుకుంటారు, మనం గుర్తుంచుకోకపోతే?

మీ జర్మనీ వాళ్ళనే చూడు. గుంటూరులో మిషనరీ హయ్యర్ దొర పేరు వినే ఉంటావు. హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు, 1807లో చిన్నవాడుగా ఉండగానే అమెరికా చేరాడు, 1842లో గుంటూరు వచ్చాడు. యోహాన్ అమెరికాలో జాన్ అయ్యాడు, ఫ్రీడ్రిష్ ఫ్రెడరిక్ అయ్యాడు, హయ్యర్ మాత్రం హయ్యర్‌గానే మిగిలాడు. సముద్రం దాటినా ఆయన వదులుకోనిది ఇంటిపేరే.

నీకు రైల్లో అరగంట దూరంలో హాలే ఉందిగా, తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అక్కడే వచ్చాయి. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746-47లో వేయించాడు. మన అక్షరాలను అంత ముందే పోత పోసిన నేల మీద మన ఇంటిపేరు రాయడం ఏమంత కష్టం? పుట్టిన బిడ్డల పేర్లు నమోదు చేసే కచేరీకి వెళ్ళి అడుగు. ఇంటిపేరుగా ఒప్పుకోకపోతే నడిమి పేరుగానైనా పెట్టనిస్తారేమో అడుగు. ఏ కాగితాలు కావాలంటే అవి పంపిస్తాను. మా తాత పేరు పూర్తిగా ఉన్న పాత భూమి దస్తావేజు నకలు మీ బాబాయి దగ్గరుంది. సంతకాలు పెట్టేశాక మార్చడం కష్టం, అందుకే ఇంత తొందర.

ఎక్కువ తిరగకు. ఇక్కడి ప్లాట్‌ఫారం 1072 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. ఆ చివరి దాకా పరుగెత్తి, వెనక్కి నడవలేక నా భుజం ఎక్కేదానివి. ఇప్పుడలా పరుగెత్తకు. చలికి కాళ్ళు కప్పుకో. ఉప్పు తగ్గించమన్నారా? అయితే మామ్మ మాగాయ పంపదు, కందిపొడి పంపుతుంది.

ఈ ఉత్తరంతో ఒక కాగితం జత చేశాను. మన ఏడు తరాల పేర్లు, ఊళ్ళు, ఆడపడుచులు మెట్టిన ఇళ్ళతో సహా రాశాను. కుడివైపు సగం ఖాళీగా వదిలాను. అబ్బాయి తాతముత్తాతల పేర్లు, ఊళ్ళు వాళ్ళమ్మగారిని అడిగి అక్కడ నింపు. ఇంటిపేర్లు పూర్తిగా రాయి, పొడి అక్షరాలు వద్దు. నకలు తీసి నాకొకటి పంపు. కచేరీలో ఏమన్నారో ఆ రాత్రే ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైనా పర్వాలేదు.

ఇట్లు,
మీ తాతయ్య