మాటిమాటికి కాలిపోవు ఫ్యూజు: మూలమును వెదకు విధము

మోటారు బండిలో ఫ్యూజు కాలినచో మరియొకటి పెట్టుదురు. అదియు కాలినచో ఇంకను పెద్దది పెట్టుదురు; లేదా రాగితీగె చుట్టుదురు. ఇది మిక్కిలి అపాయకరమైన అలవాటు. మన పిల్లలు నిత్యము బడికి వచ్చునది ఇట్టి బండ్లలోనే కావున, తల్లిదండ్రులు ఈ విషయమును తెలిసికొనుట అవసరము.

ఫ్యూజు కావలెనని బలహీనముగా చేసిన లోహపు తునక. ప్రవాహము హద్దు మీరినప్పుడు, తీగెలు వేడెక్కి అంటుకొనకముందే అది కరగి తెగిపోవును. కావున ఫ్యూజు కాలుట రోగము కాదు, రోగలక్షణము.

ఒక లెక్క చూతము. బ్యాటరీ 12 వోల్టులది. వెనుక బ్రేకు దీపములు రెండు, ఒక్కొక్కటి 21 వాట్లు. మొత్తము 42 వాట్లను 12 చే భాగింపగా 3.5 ఆంపియర్లు వచ్చును. 10 ఆంపియర్ల ఫ్యూజు దీనిని సులువుగా భరించును. ఇక తీగె తొడుగు ఒరిసి, లోపలి రాగి బండి ఇనుప శరీరమును తాకినదనుకొందము. బ్యాటరీ ఋణధ్రువము ఆ శరీరమునకే కలుపబడియుండును గనుక, విద్యుత్తు దీపముల దాక పోక అడ్డదారిని మరలును. ఇదియే షార్టు. ఆ దారి నిరోధము 0.1 ఓము అయినచో ప్రవాహము 120 ఆంపియర్లగును! తాకిడి అరకొరగా నుండి 25 ఆంపియర్లే పారినను, 30 ఆంపియర్ల ఫ్యూజు తెగదు. దానికి బదులు సన్నని తీగె కాలును.

వెదకుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఫ్యూజు ఎప్పుడు కాలుచున్నది? పెట్టిన వెంటనే కాలినచో దోషము ఫ్యూజునకును స్విచ్చికిని నడుమ నుండవచ్చును. బ్రేకు తొక్కినప్పుడే కాలినచో స్విచ్చి దాటిన పిదప నున్నది. గతుకులలో మాత్రమే కాలినచో ఎక్కడనో తీగె ఒరయుచున్నది.

పిమ్మట ఆ మార్గములోని దీపములన్నియు తీసివేసి, ఫ్యూజు గూటిలోని రెండు కొనలకు నడుమ 21 వాట్ల బల్బును తగిలింపుడు. ఒకరిని బ్రేకు తొక్కి పట్టుమనుడు. షార్టు ఉన్నచో బల్బు వెలుగును. బల్బు ప్రవాహమును 1.75 ఆంపియర్లకు మించనీయదు గనుక తీగెలకు హాని లేదు. ఇప్పుడు నడుమనున్న అతుకును విప్పుడు. బల్బు ఆరినచో దోషము అతుకునకు ఆవల, ఆరనిచో ఈవల. ఇట్లు సగము సగముగా తగ్గించుచు, మిగిలిన తీగెను చేతితో కదల్పుడు. ఎచ్చట కదల్చిన బల్బు మినుకుమినుకుమనునో అచ్చటనే దొంగ దాగియున్నాడు. ఇనుప రేకు రంధ్రములు, తలుపు కీళ్లు, సైలెన్సరు సమీపము, ఎలుకలు కొరికిన తావులు మొదట చూడదగినవి.

దోషము దొరకిన తరువాత బ్యాటరీ ఋణతీగెను విప్పి, చెడిన భాగమును మార్చి, రంధ్రమున రబ్బరు తొడుగు పెట్టి, యథాప్రమాణమైన ఫ్యూజునే అమర్పవలెను. ఎయిర్‌బ్యాగు తీగెలకును, విద్యుత్ బండ్ల నారింజ రంగు తీగెలకును ఈ పద్ధతి తగదు. అవి శిక్షితులకే విడువవలెను.

బిళ్ల ఫ్యూజులలో సాధారణముగా 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలము, 20 పసుపు, 30 ఆకుపచ్చ. పెట్టె మూతపై ఏ గూటికి ఎన్ని ఆంపియర్లో తరచుగా ముద్రించియుండును. రేపు బిడ్డను బండి యెక్కించునప్పుడు ఆ మూత తెరిపించి, అంకెలు సరిపోవుచున్నవో లేదో చూడుడు. చుట్టిన తీగె కనబడినచో, అది సరియగు వరకు బిడ్డను ఎక్కింపకుడు.