ఫ్యూజు ఎంతది వేయాలి?

మీరెప్పుడైనా రైసుమిల్లుకు వెళ్ళారా? అక్కడ గోడమీద ఒక ఇనుప పెట్టె ఉంటుంది. అందులో మూడు ఫ్యూజులు వరుసగా ఉంటాయి. అవి మాటిమాటికీ పోతుంటే విసుగెత్తి, వాటి స్థానంలో లావుపాటి రాగితీగ చుట్టేవాళ్ళున్నారు. అది ఎంత ప్రమాదమో, సరైన ఫ్యూజును ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

కరెంటు ప్రవహించే తీగ వేడెక్కుతుందని మీకు తెలుసు. ఆ వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జౌల్ 1841లో వెల్లడించాడు. అంటే కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. లైను తీగల కంటె ముందుగా తాను కరిగిపోయి వాటిని కాపాడేదే ఫ్యూజు. లావుపాటి రాగితీగ వేస్తే అది కరగదు. గోడలోని తీగలే కాలిపోతాయి!

ఇప్పుడొక లెక్క చేద్దాం. 10 హార్సుపవరు మూడు ఫేజుల మోటారు 415 వోల్టుల వద్ద పూర్తి భారంతో సుమారు 14 ఆంపియర్లు తీసుకుంటుంది. మరి 16 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుందా? సరిపోదు. మోటారును నేరుగా లైనుకు కలిపితే, అది వేగం అందుకునే కొద్ది సెకండ్లలో దాదాపు 6 రెట్లు, అంటే 84 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు వేడి 36 రెట్లు! చిన్న ఫ్యూజు అప్పుడే కరిగిపోతుంది. 32 ఆంపియర్ల ఫ్యూజు ఆ కాసేపూ తట్టుకుంటుంది.

మరి భారం ఎక్కువై మోటారు 20 ఆంపియర్లు తీసుకుంటే? ఈ ఫ్యూజు కరగదు. ఆ కాపలా స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలేది. ఫ్యూజు పని షార్ట్ సర్క్యూట్‌ను ఆపడం.

షార్ట్ సర్క్యూట్ కరెంటు ఎంత ఉంటుంది? 1,000 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర అది 25,000 ఆంపియర్లు దాటవచ్చు. 10,000 ఆంపియర్లను మాత్రమే తెంచగల చిన్న బ్రేకరు అక్కడ పేలిపోవచ్చు. ఇసుక నింపిన హెచ్.ఆర్.సి. ఫ్యూజులలో 80,000 ఆంపియర్లను తెంచగలవి ఉన్నాయి. తీగ కరిగినప్పుడు లేచే మెరుపును లోపలి ఇసుక చల్లార్చుతుంది.

అయితే బ్రేకరుకూ ఒక గొప్ప గుణముంది. మూడు ఫ్యూజులలో ఒక్కటే పోతే మోటారు మిగతా రెండు ఫేజుల మీదే తిరుగుతూ కాలిపోవచ్చు. మూడు ధ్రువాల బ్రేకరు మూడింటినీ ఒకేసారి తెంచుతుంది. చిన్న బ్రేకర్లలో ‘బి’ రకం తన రేటింగుకు 3 నుంచి 5 రెట్లు, ‘సి’ రకం 5 నుంచి 10 రెట్లు, ‘డి’ రకం 10 నుంచి 20 రెట్లు కరెంటు వస్తే వెంటనే తెగుతాయి.

మరి 16 ఆంపియర్ల ‘బి’ రకం బ్రేకరు మన మోటారును స్టార్టు కానిస్తుందా? మీరే లెక్క కట్టి చూడండి. కాని ఒక్క మాట: లెక్క కాగితం మీదే చేయాలి, ఇనుప పెట్టె మాత్రం మీరు తెరవకూడదు!